గోడెక్కిన చార్టు గారికి

తిరుపతి.

మహారాజశ్రీ డ్రాయింగ్ షీటు గారికి,

స్థలం, తేదీ, సంబోధన, విషయం, సంతకం, చిరునామా అని లేఖా లక్షణాలన్నీ ఒంటినిండా రాయించుకుని ఏడాది పొడుగునా గోడకు అతుక్కుని ఉంటారు. తమకు మాత్రం ఇంతవరకు ఒక్క ఉత్తరమూ వచ్చినట్టు లేదు. ఆ లోటు తీరుద్దామని ఇది.

తెలుగు పీరియడులో సాహిత్య ప్రక్రియల మీద బృంద కృత్యం అనగానే ముందు తమరికే కబురు. నలభై మంది పిల్లలు, అయిదు జట్లు, జట్టుకు ఎనిమిది మంది. కథానిక ఒకరికి, శతకం ఒకరికి, వ్యాసం, లేఖ, నాటిక తక్కినవాళ్లకు. బెంచీలు జరిపేసరికే పీరియడులో ఏడెనిమిది నిమిషాలు హారతి. అప్పుడు తమరి సేవ మొదలవుతుంది. అక్షరం గుండ్రంగా ఉండే పిల్ల రాస్తుంది, ఒకడు స్కేలు పట్టుకుంటాడు, ఇంకొకడు స్కెచ్ పెన్ను మూతలు తీసి అందిస్తాడు, మరొకరు అంచుల వెంబడి పూలతీగ పాకిస్తారు. మిగతా నలుగురూ "నీ రాత బాగుండాది, నువ్వే రాయి" అని ప్రోత్సాహం. గైడులోని అయిదు వాక్యాలు తమరి మీదికి ఎక్కుతాయి. కథానికకు సంక్షిప్తత ముఖ్యమని మూడంగుళాల అక్షరాలతో రాసిన ఆ జట్టులో కథానిక చదివినవాళ్లు ఒకరుంటే గొప్పే. గంట కొడతారు. తమరు గోడెక్కుతారు. తనిఖీకి వచ్చిన సారు తమరిని చూసి తల పంకిస్తారు, పిల్లలను ఎవరూ ఏమీ అడగరు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పిల్లలకు ఒక కథ రెండు ప్రక్రియల్లో ఎట్లా మారుతుందో తమరు చెప్పాలా? ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లో భారతం పెట్టారంటే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అదే అర్జునుడు, అదే తపస్సు. హరిదాసు ఒక్కడే అర్జునుడూ శివుడూ అయి, మధ్యలో పిట్టకథ చెప్పి, కునుకు తీసే తాతను ఒక చురక వేసి లేపుతాడు. నాటకంలో అర్జునుడు నిజంగానే పద్యాలు పాడుతూ తపస్సు మాను ఎక్కుతాడు, కింద ఊరంతా తలెత్తి చూస్తుంది. ఒకరే చెబితే ఏం కావాలి, పదిమంది ఆడితే ఏం కావాలి, పగలు వినేవాళ్లెవరు, తెల్లార్లూ కూర్చునేవాళ్లెవరు అని అడిగితే ఏడో తరగతి పిల్లలే ప్రక్రియ అంటే ఏమిటో చెప్పేస్తారు. తమరి దగ్గర దీనికి "1. రంగస్థలం, 2. పాత్రలు, 3. సంభాషణలు" అని ఉంటుంది.

తమరు లేకుండా పని జరుగుతుందా అంటారేమో. జరుగుతుంది. ఒక కవరులో పన్నెండు ముక్కలు వేస్తే చాలు: పెళ్లిపత్రిక, కర్మక్రియల కార్డు, పేపరులో వార్త, కరెంటు కోత ప్రకటన, వేమన పద్యం, పులిహోర చేసే విధానం, తహసీల్దారుకు అర్జీ, ఇట్లాంటివి. శీర్షికలు కత్తిరించి తీసేయాలి. ఇది మరిచిపోతే పిల్లలు శీర్షిక చూసి అరనిమిషంలో సర్దేస్తారు, వాదన పుట్టదు. జట్టుకు నలుగురే ఉండాలి, అయిదోవాడు వచ్చాడంటే వాడికి కిటికీయే పని. పదిహేను నిమిషాలు వాళ్లే వేరుచేయాలి, ఎందుకట్లా చేశారో చెప్పాలి. పెళ్లిపత్రికా కర్మక్రియల కార్డూ ఒకే కుప్పలో వేసిన జట్టును నవ్వవద్దు. రెండింటిలోనూ తేదీ, వేళ, చోటు, భోజనాలు, "బంధుమిత్రులు" ఉన్నాయి కదా. వాళ్లు పట్టుకున్నది సరైన కొసే.

తర్వాత ముక్కల పద్ధతి, అంటే పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచే జిగ్‌సా. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, వేర్వేరు జాతుల పిల్లలు కొత్తగా ఒకే గదిలోకి వచ్చి కలవలేకపోతుంటే దీన్ని మొదలుపెట్టాడు. ఇంటి జట్టులో నలుగురికీ నాలుగు ప్రక్రియలు, ఒక్కొక్కరూ తమ ప్రక్రియవాళ్లతో కూర్చుని నేర్చుకుని ఇంటికి తిరిగొచ్చి చెప్పాలి. లెక్క ఇక్కడే తప్పుతుంది. నలభై మందికి పది ఇంటి జట్లు, అంటే ఒక్కో ప్రక్రియకు పదిమంది చేరతారు. అది సంత. రెండు అయిదులుగా విడగొట్టాలి. ఎవరో ఒకరు రాని రోజు ఒక జట్టుకు శతకమే ఉండదు. పక్క జట్టు శతకాన్ని అరువు తెచ్చుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు నోటుబుక్కులు మూయించాలి, లేదంటే ఒకరి రాతే అయిదు కాపీలై ఇల్లు చేరుతుంది. అది మళ్లీ తమరి వంశమే.

అసలు పరీక్ష రాయడంలో. జూన్‌లో బడి తెరిచేసరికి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటాయి. ఆ ఒక్క విషయాన్నే జట్టుకొక ప్రక్రియలో రాయమంటే చాలు. వార్త రాసే జట్టు "అనగనగా ఒక రైతు" అని మొదలుపెడుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని బండ్లు అన్నవి చివరి వాక్యంలో ఉంటాయి. అర్జీ జట్టు రెండు పేజీలు కన్నీళ్లు పెట్టిస్తుంది, కలెక్టరును ఏం చేయమన్నదీ అడగదు. కరపత్రంలో సగం పేర్లే. శతకం జట్టు మకుటం ముందే తయారుచేసి, పద్యం కోసం వెతుకుతుంది. వాళ్లకు ఆటవెలది ఇవ్వండి: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి మొదటి రోజు వదిలేసినా ఛందస్సు ఏడవదు. రాసినవి జట్లు మార్చుకుని, ఇది ఎవరు ఎవరికి రాసినట్టుందో పేరు చూడకుండా చెప్పాలి. వార్తను అర్జీ అనుకున్నారంటే ఎక్కడ తేడా కొట్టిందో ఆ వాక్యం కింద గీత గీయాలి. మార్కులు ఆ గీతకు వేయండి. పూలతీగకు కాదు.

అట్లని తమరిని అసలు పిలవమని కాదు. తమరిని అయిదుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే ముప్పై రెండు చీటీలు వస్తాయి. కవరు ముక్కలు అంటించుకోవడానికి గట్టిగా ఉంటాయి, ఏడాదంతా చెడవు. వచ్చే సోమవారం కత్తెర తెస్తున్నాం. వెనకవైపు ఖాళీగా ఉంచుకోగలరు.

ఇట్లు,
తమరి కోసం ఎన్నో పీరియడ్లు ధారపోసిన
తెలుగు పంతుళ్లు, పంతులమ్మలు

తా.క.: తమరి అంచుల మీది మెరుపుల జిగురు ఆరేసరికి పీరియడు అయిపోతోంది. దయచేసి ఇంట్లో పూసుకుని రండి.