వంద వాట్ల బావమరిది

డిసెంబరులో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగగానే హైదరాబాదులో మొదట మంకీ క్యాపులు, వాటి వెనకే కిటికీల వ్యాపారులు బయటికి వస్తారు. 1946 జనవరిలో 6.1 డిగ్రీల చలిని ఈ నగరం గొంగళ్లతోనూ కుంపట్లతోనూ గట్టెక్కిందంటే, అది ఆనాటివారి అజ్ఞానమే తప్ప మరొకటి కాదు.

నిజాంపేటలోని మా ఫ్లాటుకు వచ్చిన యువకుడు, దోమల భయంతో మేము చలికాలంలోనూ తిప్పే ఫ్యాను కింద కూర్చుని, "మీ ఇంటి వెచ్చదనమంతా ఈ ఒంటి అద్దంలోంచే పోతోంది సార్" అని గంభీరంగా ప్రకటించాడు. ఇన్నేళ్లుగా ఇంట్లో దొంగతనం జరుగుతున్నా కనిపెట్టలేకపోయినందుకు సిగ్గుపడి, పోయిన సొత్తెంతో నేనే లెక్క కట్టాను. లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు ఒంటి అద్దం చదరపు మీటరుకు సుమారు 5.7 వాట్లు వదులుతుంది. రెండద్దాల నడుమ 12 మిల్లీమీటర్ల గాలిని బంధించిన డబుల్ గ్లేజింగ్ అందులో దాదాపు సగమే వదులుతుంది. మా కిటికీ చదరపు మీటరున్నర. లోపల 22, బయట 15 అనుకుంటే పోయేది 60 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బు. వేలకు వేలు పోసి అద్దాలు మారిస్తే దక్కేది అరబల్బు.

ఊరికే కూర్చున్న మనిషి ఒంటినుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుందని శాస్త్రం. కాబట్టి కొత్తగూడెం నుంచి మా బావమరిదిని పిలిపించి సోఫాలో కూర్చోబెడితే మూడు కిటికీల పొదుపు ఒక్కడివల్లే సమకూరుతుంది. నిర్వహణ ఖర్చు పూటకు నాలుగు ఇడ్లీలు, రెండు చాయ్‌లు. వారంటీ ప్రసక్తే లేదు, పొమ్మన్నా పోడు.

నిజానికి మా స్లైడింగ్ రెక్కల అంచున ఊలు పట్టీ అరిగి, చలిగాలి ఆ సందులోంచే రాజమార్గంలా వస్తోంది. మీటర్ల లెక్కన దొరికే ఆ పట్టీకి రంగుల బ్రోచరూ నెలవారీ కిస్తీలూ లేవు గనక, యువకుడు దాని ఊసెత్తలేదు. రాత్రి గట్టుదాకా దిగే మందపాటి తెర కూడా ఆయన దృష్టిలో నాగరికం కాదు. ఇక శీతాకాలపు సూర్యుడు దక్షిణాన వాలి పగలంతా ఉచితంగా వేడినిద్దామని చూస్తుంటాడు గానీ, వాస్తు పండితుడు ఆ దిక్కున కిటికీని ఎప్పుడో అరచేయంతకు కుదించాడు.

బావమరిది నిన్న రాత్రి దిగాడు. సోఫాలో కూర్చున్న ఐదు నిమిషాలకే, "ఏంటి బావగారూ, ఇంత ఉక్కలో ఎలా ఉంటున్నారు?" అంటూ లేచి, కిటికీ రెక్క చివరిదాకా జరిపాడు.