పుక్కిట పట్టిన అక్వేరియం

నోట్లో ఇంకా ఆ వాసన పోలేదు. రెండుసార్లు బ్రష్ చేశాను, లవంగం నమిలాను, ఆవకాయ అన్నం తిన్నాను. ఊహూఁ.

మావాడి పుట్టినరోజుకి 40 లీటర్ల తొట్టె, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం. మూడోరోజుకి నీళ్ళు పల్చటి మజ్జిగలా తయారయ్యాయి. షాపతను నీలం చుక్కల మందు ఇచ్చాడు. "నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజి పంపు కింద శుభ్రంగా కడిగి, ఇది వెయ్యండి సార్. అద్దంలా ఉంటాయి." వేశాను. రెండు రోజులకి నీలం మజ్జిగ అయింది. మళ్ళీ వెళితే ఇంకో సీసా చేతిలో పెట్టాడు.

మా అత్తగారేమో పటిక తిప్పమన్నారు, లేకపోతే చిల్లగింజ అరగదీసి కలపమన్నారు. వాళ్ళ చిన్నప్పుడు గోదావరి వరద నీళ్ళు అలాగే తేర్చుకునేవారట. "ఆ బిందెల్లో చేపలుండేవి కాదు కదా అత్తయ్యా" అన్నాను. "ఉంటే పులుసు పెట్టుకునేవాళ్ళం" అన్నారు.

ఈ ఆదివారం పొద్దున నీళ్ళు మార్చడం నాలుగోసారి. పైపు ఒక కొస తొట్టెలో, రెండో కొస నా నోట్లో, కింద బకెట్. గట్టిగా పీల్చి, నీళ్ళు నోటిదాకా రాకముందే పైపు తీసెయ్యాలి. ఎంతదాకా వచ్చాయో కనబడాలంటే పైపు అద్దంలా ఉండాలి. నాది మొక్కలకి నీళ్ళు పట్టే ఆకుపచ్చ పైపు. సరిగ్గా పీల్చే క్షణానికి "ఏమండీ, ఉన్నారా?" అని గుమ్మంలో అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుగారు, చేతిలో వినాయక చవితి చందా పుస్తకం.

నోరు నిండిపోయింది.

బకెట్ కాళ్ళ దగ్గరే ఉంది. కానీ దేవుడి రసీదు పుస్తకంతో వచ్చిన పెద్దమనిషి ముందు బకెట్లో ఉమ్మడం ఎలా? పైపు కొస బొటనవేలితో నొక్కిపట్టి నిలబడ్డాను. నోట్లో ఏమేం ఉన్నాయో లెక్క మొదలైంది: చేపలు తిన్న మేత, తినని మేత, తిన్నాక వదిలింది, దాని మీద నీలం మందు. శివుడు గరళం మింగుతుంటే పార్వతీదేవి గొంతు పట్టుకుందంటారు. మా ఆవిడ వంటింట్లోంచి "ఎవరండీ వచ్చింది?" అని కేకేసింది.

"పోయినేడు మీరు ఊళ్ళో లేరు. ఈసారి 5,116 రాసుకోమంటారా?" అన్నారాయన.

ఒక్క నిమిషం ఆగండి అని తలతో చెప్పే సైగ మనకి లేదు. ఎటు తిప్పినా సరేననే అర్థం. ఆయన రాసేసుకున్నారు. "మొదటిరోజు పులిహోర కూడా మీదేనా?" ఈసారి కనుబొమలు ఎగరేశాను. అదీ రాసుకున్నారు. మౌనం అర్ధాంగీకారమట. మరి బుగ్గలుబ్బిన మౌనం?

రసీదు చింపుతూ తొట్టెకేసి చూసి, "లస్సీలో కూడా బతుకుతాయాండీ ఇవి?" అన్నారు. నవ్వొచ్చింది. మింగేశాను.

బొటనవేలు జారి సోఫా ఏమైందో ఆ సంగతి వదిలేద్దాం.

సాయంత్రం పైఅంతస్తులో ఇంటర్ చదివే కుర్రాడు వచ్చి చూసి చెప్పాడు. ఆ తెలుపు బ్యాక్టీరియాదట. కొత్త తొట్టెలో ఫిల్టర్‌కి పట్టి చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట. స్పాంజిని క్లోరిన్ ఉన్న పంపునీళ్ళలో కడిగినప్పుడల్లా దాన్ని నేనే చంపుతున్నానట. మిగిలినదాని పని నీలం మందు చూస్తోందట. పావు వంతు నీళ్ళే మార్చి, స్పాంజి ఆ తీసిన నీళ్ళలోనే పిండి, మేత తగ్గించి, చేతులు కట్టుకుని కూర్చోవాలట.

చేతులు కట్టుకోవడానికి డబ్బులేం ఖర్చవవు కాబట్టే షాపతను ఈ మాట చెప్పలేదేమో. అడిగేద్దామని కోపంగా వెళ్ళాను. అంతా విని, "అయితే మీకు బ్యాక్టీరియా పెరిగే మందు కావాలి సార్" అని అరలోంచి తీశాడు. 350 రూపాయలు.

కొన్నాను.