786కి మూడు లక్షలట! నోట్ల నంబర్ల మీద నా గోడు

ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకి పది లక్షలు. 786 నంబరుంటే మూడు లక్షలు. మన్మోహన్ సింగ్ సంతకం ఉన్న రూపాయి నోటుకి ఏడు లక్షలు. ఈ వీడియోలు నాకు పంపడం దయచేసి ఆపండి. నేను నోట్ల నంబర్లు రాసుకుంటానని తెలిసిన చుట్టాలూ స్నేహితులూ అందరూ నా వ్యాపారం ఇదే అనుకుంటున్నారు. మొన్న మా పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, దేవుడి గూట్లో ట్రాక్టర్ నోట్లు ఓ పది దాకా ఉన్నాయిరా, నువ్వే అమ్మిపెట్టు, నీకూ ఎంతో కొంత ఇస్తాలే" అంది. "కొట్టుకి తీసుకెళ్తే యాభై రూపాయల సరుకు వస్తుంది పిన్నీ" అన్నాను. అంతే, ఆ నోట్లు నేనే కొట్టేద్దామని చూస్తున్నానని ఆవిడకి అనుమానం వచ్చేసింది.

786 సంగతే లెక్కేసుకుందాం. మన నోటు మీద ముందు మూడు గుర్తులుంటాయి, ఒక అంకె, రెండు అక్షరాలు. దాన్ని ప్రిఫిక్స్ అంటాం. తర్వాత ఆరంకెల నంబరు. ఒక ప్రిఫిక్స్ కింద 000001 దగ్గర మొదలై పది లక్షల దాకా నంబర్లు పడతాయి. ఆ పది లక్షల్లో ఎక్కడో ఒకచోట 786 వరసగా వచ్చే నంబర్లు ఎన్నో తెలుసా? 3,999. అది నాలుగు చోట్ల పడొచ్చు, ఒక్కో చోటికీ వెయ్యి నంబర్లు, 786786 రెండుసార్లు లెక్కలోకి వస్తుంది కాబట్టి ఒకటి తీసేయాలి. ఇప్పుడు 2016-17లో ముద్రించిన 2000 రూపాయల నోట్లు చూడండి. సమాచార హక్కు కింద బయటికొచ్చిన సంఖ్య ప్రకారం 354 కోట్ల 29 లక్షల 91 వేలు. అంటే ఆ ఒక్క ఏడాది ఆ ఒక్క నోటులోనే 786 ఉన్నవి సుమారు కోటీ 41 లక్షలు! కోటికి పైగా ఉన్నదాన్ని అరుదైనదని మూడు లక్షలకి కొనేవాడు ఎవడు? అమ్మేవాడి దగ్గర "రిజిస్ట్రేషన్ ఫీజు" పిండుకునేవాడు మాత్రం ఉన్నాడు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి, కమిషన్ అనీ పన్ను అనీ డబ్బు గుంజుతున్నారనీ, పాత నోట్లూ నాణేల కొనుగోళ్ళతో తనకి ఏ సంబంధమూ లేదనీ 2021 ఆగస్టులో ఆర్బీఐ ప్రకటన కూడా ఇచ్చింది. అది ఫార్వర్డ్ చేసినవాళ్ళని నేనింకా చూడలేదు.

సరే, మోసగాళ్ళ సంగతి పోలీసులు చూసుకుంటారు. నా గొడవ ఆర్బీఐతో. అసలు లెక్కలు దాచిపెట్టి, అబద్ధపు లెక్కలకి చోటిచ్చింది తనే అని నా అభిప్రాయం.

మాలాంటి వాళ్ళం చేసే పని ముందు చెప్తాను. కొత్త నోటు చేతికి రాగానే విలువ, ప్రిఫిక్స్, నంబరు, ఆర్బీఐ గవర్నర్ సంతకం, వెనక వైపు కింద ఉండే ముద్రణ సంవత్సరం రాసుకుంటాం. నంబరు ప్యానెల్‌లో అంకెల వెనక లేతగా ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుంది, కొన్ని నోట్ల మీద ఉండదు. అది ఇన్‌సెట్ లెటర్. మన దేశంలో ఆర్బీఐ నోట్లు ముద్రించేది నాలుగు చోట్ల. నాసిక్, దేవాస్ కేంద్ర ప్రభుత్వ సంస్థ కిందవి, మైసూరు, సాల్బొని ఆర్బీఐ సొంత అనుబంధ సంస్థవి. ఇన్‌సెట్‌లో 'ఎల్' ఉంటే మైసూరు, 'ఆర్' ఉంటే సాల్బొని అని సేకరించేవాళ్ళు ఏళ్ళ తరబడి నోట్లు పోల్చి పోల్చి తేల్చుకున్నారు. కొత్త ఇన్‌సెట్ అక్షరంతో నోట్లు వస్తున్నప్పుడు ఆర్బీఐ ప్రకటన ఇస్తుంది. 2016 నవంబరు తర్వాత కొత్త 500 నోటుకి 'ఇ' అనీ, 'ఆర్' అనీ, 'ఎల్' అనీ, 2017 జూన్‌లో 'ఏ' అనీ వరసగా చెప్పింది. ఆ అక్షరం ఎందుకో ఆ ప్రకటనల్లో ఉండదు.

నోటు మీద ముద్రణ సంవత్సరం వేయడం 2005లో మొదలైంది. పాడైన నోట్ల బదులు స్టార్ నోట్లు పెట్టడం 2006లో. రెండూ వై.వి. రెడ్డి గవర్నర్‌గా ఉన్నప్పుడే. ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు. అంటే 2003 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు దాకా పదేళ్ళు ఈ దేశపు నోట్ల మీద వరసగా ఇద్దరు తెలుగువాళ్ళ సంతకాలే. (రూపాయి నోటు వేరు, దాని మీద ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది.) మనలో సేకరణ మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి కాలం లేదు. రెడ్డి సంతకంతో ఏడాది లేని నోటు, ఏడాది ఉన్న నోటు, స్టార్ ఉన్న నోటు మూడూ దొరుకుతాయి.

స్టార్ నోటు గురించి ఒక ముక్క. 2006కి ముందు కట్టలో ఒక నోటు ముద్రణలో పాడైతే, వరస తప్పకుండా మళ్ళీ అదే నంబరుతో ఇంకోటి తయారుచేసి పెట్టాల్సి వచ్చేది. చాకిరీ. ఇప్పుడు ప్రిఫిక్స్‌కీ నంబరుకీ మధ్య నక్షత్రం గుర్తున్న నోటు పెట్టేస్తారు. కట్టలో వంద నోట్లే ఉంటాయి, నంబర్లు మాత్రం వరసగా ఉండవు. ముందు 10, 20, 50 నోట్లకి, తర్వాత వందకి, 2016 డిసెంబరు నుంచి 500కి కూడా ఈ పద్ధతి వచ్చింది. పదిహేడేళ్ళుగా నడుస్తున్న ఈ నోట్లు నకిలీవని 2023 జులైలో ఊరంతా గోల. కిరాణా కొట్లలో తీసుకోలేదు. మిగతా నోట్ల లాగే అవీ చెల్లుతాయని జులై 27న ఆర్బీఐ చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ ఏడాది ఎన్ని స్టార్ నోట్లు వేశారో, ఏ ప్రిఫిక్స్‌తో వేశారో ఒక పట్టిక ముందే జనం ముందు ఉండి ఉంటే, ఆ పుకారు పుట్టిన గంటలోనే చచ్చేది.

ఆ పట్టిక లేదు కాబట్టి మేం అంచనాలు కట్టుకుంటాం. ఈ అంచనా వేసే పద్ధతి పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. జర్మనీ నెలకి ఎన్ని ట్యాంకులు చేస్తోందో మిత్రపక్షాలకి తెలియలేదు. 1942 ఆగస్టుకి గూఢచారులు చెప్పిన సంఖ్య 1,550. పట్టుబడిన ట్యాంకుల భాగాల మీది నంబర్లు చూసి గణాంక నిపుణులు లెక్కగట్టింది 327. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డుల్లో చూస్తే 342! సూత్రం చాలా తేలిక. మీరు చూసిన వాటిలో పెద్ద నంబరు తీసుకోండి, దాన్ని చూసినవాటి సంఖ్యతో భాగించండి, వచ్చింది ఆ పెద్ద నంబరుకే కలిపి ఒకటి తీసేయండి. ఒక స్టార్ ప్రిఫిక్స్‌లో ఇరవై నోట్లు చూశారు, వాటిలో పెద్దది 4,00,000 అనుకుంటే, ముద్రించింది సుమారు 4,19,999.

కానీ ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ట్యాంకులు ఎక్కడివి అక్కడ పట్టుబడ్డాయి, నోట్లు కట్టలుగా వస్తాయి. బ్యాంకులో తెలిసినవాళ్ళు ఒక కొత్త కట్ట ఇస్తే అందులో వంద నంబర్లున్నాయని వంద ఆధారాలు దొరికాయనుకుంటే లెక్క గోవిందా. అది ఒక్క ఆధారమే. ఒక ఊళ్ళో ఒకే కరెన్సీ చెస్ట్ (బ్యాంకులకి పంచడానికి నోట్లు నిల్వ ఉంచే చోటు) నుంచి వచ్చిన నోట్లు కూడా దాదాపు అంతే. హైదరాబాదులో కూర్చుని ఇక్కడి ఏటీఎంలలో వచ్చిన నోట్లు మాత్రమే చూసి "ఈ ప్రిఫిక్స్ దేశంలోనే లేదు" అని తేల్చేవాళ్ళున్నారు. అది గువాహతిలో కట్టలు కట్టలుగా తిరుగుతూ ఉండొచ్చు. కాబట్టి ఎవరైనా "ఇది అరుదు" అంటే ముందు ఎన్ని ఊళ్ళ నుంచి, ఎన్ని వేరు వేరు కట్టల నుంచి చూశారో అడగండి.

లెక్క బయటపెడితే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా చూడండి. అక్కడ డాలర్లు ముద్రించే బ్యూరో నెలనెలా నివేదిక ఇస్తుంది. ఏ విలువ నోటు, ఏ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పేర, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, స్టార్ నోట్లయితే అవెన్ని, అన్నీ అందులో ఉంటాయి. స్టార్ పద్ధతి వాళ్ళకి 1910 నుంచీ ఉంది. డల్లాస్‌లో ఉద్యోగం చేసుకునే మన తెలుగు కుర్రాడు కాఫీ కొట్లో చిల్లరగా వచ్చిన డాలర్ స్టార్ నోటు ఏ విడతలోదో, ఆ విడతలో ఎన్ని వేశారో ఆ నివేదికల్లోంచి చూసుకోగలడు. అదే కుర్రాడు సెలవులకి గుంటూరు వచ్చి ఇరవై రూపాయల స్టార్ నోటు పట్టుకుంటే ఊహించుకోవడమే.

అలా బయటపెట్టడం వల్ల అక్కడ ఒక పెద్ద పొరపాటు కూడా దొరికింది. 2013 సిరీస్ ఒక డాలర్ నోట్లలో, న్యూయార్క్ బ్యాంకుకి చెందిన స్టార్ నోట్లు కొన్ని వాషింగ్టన్‌లో ముద్రించారు. తర్వాత టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఉన్న రెండో ప్రెస్‌లో మళ్ళీ అవే నంబర్లతో ముద్రించేశారు. ఒకే నంబరుతో రెండేసి నోట్లు, అరవై లక్షలకి పైగా జతలు! ఇప్పుడు ఆ జతలు కలపడమే ఒక సరదా అయి, విడిపోయిన కవలల్ని వెతికినట్టు వెతుకుతున్నారు. ఆ దేశపు కరెన్సీకి ఏ నష్టమూ రాలేదు, ఎవరి పరువూ పోలేదు.

మరి మన దగ్గర? 2023 జూన్‌లో 176 కోట్ల 500 నోట్లు "మాయమయ్యాయి" అని వార్తలొచ్చాయి. విలువ 88 వేల కోట్లు. సమాచార హక్కు కింద నోట్లు ముద్రించే ప్రెస్‌లు ఇచ్చిన సంఖ్యల నుంచి ఆర్బీఐకి చేరినట్టు వార్షిక నివేదికల్లో ఉన్న సంఖ్య తీసేస్తే అంత తేలిందట. అది తప్పుడు అన్వయమనీ, ప్రెస్‌ల నుంచి వచ్చే ప్రతి నోటుకీ లెక్క ఉంటుందనీ జూన్ 17న ఆర్బీఐ ఖండించింది. నేను ఆర్బీఐ మాటే నమ్ముతాను. ముద్రించింది వేరు, చేరవేసింది వేరు, చలామణీలోకి వెళ్ళింది వేరు. నిజాం నోట్ల ఉదాహరణే చూడండి. ఇంగ్లండులో అచ్చయిన హైదరాబాద్ సంస్థానం నోట్లు 1922 మేలో బొంబాయికి బయల్దేరిన ఎస్.ఎస్. ఈజిప్ట్ ఓడలో ఉన్నాయి. ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మునిగిపోయింది. ఇటలీ డైవర్లు పదేళ్ళకి ఆ ఓడలోని బంగారం కోసం దిగితే ఆ నోట్లు కూడా పైకొచ్చాయి. వాటిని ప్రెస్ లెక్కలో చూస్తే ఉన్నాయి, ఖజానా లెక్కలో చూస్తే లేవు. ఇంత తేడా అర్థం కావాలంటే నంబర్ల వారీగా చూడాలి. మొత్తం సంఖ్యలు రెండు పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే 88 వేల కోట్ల కుంభకోణం పుడుతుంది, టీవీ చర్చలు నడుస్తాయి, ఖండన మాత్రం మూలన ఎక్కడో వస్తుంది.

"అలా బయటపెడితే దొంగనోట్లు కొట్టేవాళ్ళకి సాయం చేసినట్టు కాదా?" అని బ్యాంకులో పనిచేసే మా బావ అంటాడు. బావా, దొంగనోటు వేసేవాడికి నంబర్ల పట్టిక ఎందుకు? జేబులో ఉన్న అసలు నోటు మీది నంబరు ఎక్కించుకుంటాడు. మీ కౌంటర్లో నకిలీని పట్టుకునేది సెక్యూరిటీ దారం, వాటర్‌మార్క్, కాగితం, చేతికి తగిలే ముద్రణ చూసి. 2015 నుంచి నంబర్లు ఎడమ నుంచి కుడికి సైజు పెరుగుతూ పోతున్నాయి, అది కూడా చూస్తారు. ప్రిఫిక్స్ జాబితా తెరిచి చూసే క్యాషియర్‌ని నేనెక్కడా చూడలేదు. సరే, అంత భయముంటే చలామణీలో ఉన్నవాటి జోలికి వెళ్ళొద్దు. 2016లో రద్దయిన పాత 500, 1000 నోట్ల ప్రిఫిక్స్‌లు దాచి ఎవరిని కాపాడుతున్నట్టు? 1978లో రద్దయిన 5000, 10000 నోట్ల సంగతేంటి?

మావాళ్ళ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నోట్లు సేకరించేవాళ్ళలో సగం మంది లెక్కలు పంచుకోరు. ఒక ప్రిఫిక్స్‌లో పెద్ద నంబరు దొరికితే చెప్పరు, చెబితే అందరూ వెతుకుతారని, రేటు పడిపోతుందని. అదే నోటుని "అరుదు, పదే ఉన్నాయి" అని అమ్ముతారు. పదే ఉన్నాయని ఎవరు లెక్కపెట్టారు? వాళ్ళ అల్మారాలో పది ఉన్నాయి, అంతే. ఆర్బీఐ దాచిందని తిట్టే మనమే మన నోటుపుస్తకాలు దాచుకుంటే ఎలా?

కాబట్టి ఈ పోస్ట్ చదివినవాళ్ళని నేను అడిగేది ఇదే. ఇంట్లో 2006 తర్వాతి స్టార్ నోట్లుంటే కామెంట్లో రాయండి. విలువ, ప్రిఫిక్స్, నంబరులో మొదటి మూడంకెలు, ఇన్‌సెట్ అక్షరం, సంవత్సరం, సంతకం, నోటు ఏ జిల్లాలో చేతికొచ్చిందో, అంతే చాలు. ఫొటో పెడితే చివరి మూడంకెల మీద వేలు పెట్టి తీయండి. ఒకే కట్టలోవైతే ఆ మాట చెప్పండి. వచ్చినవన్నీ ఒక షీట్‌లో పెట్టి అందరికీ తెరిచి ఉంచుతాను. ముఖ్యంగా పది, ఇరవై రూపాయల నోట్లలో వై.వి. రెడ్డి సంతకంతో స్టార్ ఉన్నవి నా జాబితాలో చాలా తక్కువ, పెళ్ళిళ్ళలో చదివింపులకి తెచ్చుకుని మిగిలిపోయిన పాత కట్టలుంటే ఓసారి తిరగేయండి. ధర మాత్రం అడక్కండి, చెప్పను.