లైబ్రరీ నిండా జనమే.. మరి కొత్త పుస్తకాలేవి?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కాస్త ఆలస్యంగా వెళ్తే కుర్చీ దొరకడం కష్టం. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఆవరణలో ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చుని చదువుకుంటారు. చాలామంది అశోక్‌నగర్ చుట్టుపక్కల ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకుంటున్న పిల్లలే. తెలుగువాళ్లు చదవడం మానేశారని సభల్లో వాపోయే పెద్దలకు ఈ దృశ్యం చూపిస్తే వెంటనే ఒక జవాబు వస్తుంది: ‘అదీ ఒక చదువేనా? సొంత మెటీరియల్ తెచ్చుకుని బట్టీ పడుతున్నారు. లైబ్రరీ పుస్తకం ఒక్కటైనా ముట్టుకుంటున్నారా?’

ఈ మాటతో నాకు పేచీ ఉంది. ముట్టుకోవడం లేదన్నది చాలావరకు నిజమే కావచ్చు. కానీ ఆ పిల్లలు అక్కడికి ఎందుకొస్తున్నారో చూడాలి కదా. గదిలో టేబుల్ ఉండదు. ఉన్నా పక్కవాడి ఫోన్ మోగుతూనే ఉంటుంది. ప్రైవేటు స్టడీ హాల్‌కు నెల నెలా డబ్బు కట్టాలి. హోటల్లో కూర్చోవాలంటే కనీసం టీ చెప్పాలి, అది తాగడం అయిపోతే లేవాలి. రోజంతా కూర్చున్నా ‘ఏం కావాలి?’ అని ఎవరూ అడగని చోటు ఊళ్లో ఇంకెక్కడుంది? గుమస్తా ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, పరీక్ష రాసే కుర్రాడు, పేపర్లో ఉద్యోగ ప్రకటనలు వెతుక్కునే ఆటో డ్రైవర్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్లు ఏం చదువుతున్నారన్నది ఆ తర్వాతి సంగతి.

మన దగ్గర గ్రంథాలయం మొదటి నుంచీ ఇలాంటి చోటే. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు దాన్ని నిలబెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక దగ్గర చేరి లోకం సంగతులు చెప్పుకోవడానికి గ్రంథాలయం మించిన నెపం లేదు. సభ పెట్టుకోవాలంటే అనుమతులు కావాల్సిన కాలంలో పత్రిక చదవడానికి కూడటమే రాజకీయం అయింది. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో గ్రంథాలయాలవాళ్లందరినీ ఒక వేదిక మీదికి తెచ్చారు. పాఠకుడు లైబ్రరీ దాకా రాలేకపోతే లైబ్రరీయే కదలాలని 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో పడవల్లో గంటల తరబడి కూర్చునే రైతులకూ కూలీలకూ అంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది? ఈ రోజు బస్టాండుల్లో ఆ పని ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు.

పుస్తకాల సంగతికొద్దాం. డెబ్బైలు, ఎనభైల్లో వీధి వీధికీ అద్దె పుస్తకాల షాపు ఉండేది. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు నవలలై రోజు అద్దెకు తిరిగేవి. తెలుగులో అన్ని వేల మంది ఆడవాళ్లు పాఠకులు కావడంలో ఆ షాపుల పాత్ర పెద్దది. టీవీ వచ్చింది, అవి పోయాయి. వాటికీ ప్రజా గ్రంథాలయానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. అద్దె షాపువాడు తిరిగే పుస్తకమే పెడతాడు. నెలకొకరు కూడా అడగని పుస్తకాన్ని పెట్టుకుంటే అతనికి గిట్టదు. ఆ పుస్తకాన్ని పదేళ్లు దుమ్ములోనైనా ఉంచే ఓపిక ప్రజా గ్రంథాలయానికే ఉంటుంది. పదకొండో ఏట అది కావాల్సిన మనిషి వస్తాడు.

చీరాల పక్కనున్న వేటపాలెంలోని సారస్వత నికేతనం అనే గ్రంథాలయం అందుకు సాక్ష్యం. 1918లో ఒక చేనేత ఊళ్లో మొదలైన ఈ సంస్థ భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటికోసమే పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరికి వస్తారు. నిన్నటి పేపర్‌ను పొట్లాలు కట్టుకునే దేశంలో నూరేళ్ల కిందటి పేపర్‌ను దాచడం మామూలు విషయం కాదు. అన్నీ నెట్‌లో దొరుకుతాయనేవాళ్లు 1930ల నాటి ఒక తెలుగు వారపత్రికలోని ఏదో ఒక వ్యాసం కోసం వెతికి చూడాలి.

ఇక డబ్బు. ‘ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న సౌకర్యం’ అని మనం అనుకుంటాం గానీ అది ఉచితం కాదు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మన దగ్గర వసూలు చేస్తున్నారు. మూడు వేలు పన్ను కట్టే కుటుంబం ఏటా 240 రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నట్టే. మునిసిపాలిటీ, పంచాయతీ ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అక్కడే మెలిక. వసూలైన సెస్సు స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఏళ్లుగా వింటున్న కథే. చాలా శాఖా గ్రంథాలయాల్లో అలమరా తెరిస్తే పాత కాలపు నవలలు, కాలం చెల్లిన పోటీ పరీక్షల గైడ్లు పలకరిస్తాయి. ఇలాంటి అలమరా దగ్గరికి ఆ కుర్రాడు రాలేదని నిందించడం ఏం న్యాయం? పరీక్ష అయిపోయాక, ఫలితం కోసం ఎదురుచూసే టెన్షన్‌లో, చేతికి ఒక మంచి కథల పుస్తకం తగిలితే వద్దంటాడా?

ఇంకో లోపం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అందరిదీ అన్న ఈ చోటు ఇంకా అందరిదీ కాలేదు. చిన్న ఊళ్లలో పొద్దున్నే పేపర్ల గదిలోకి తొంగిచూస్తే దాదాపు అందరూ మగవాళ్లే. శుభ్రమైన బాత్రూమ్ లేని చోట, సాయంత్రం లైటు వెలగని వరండాలో ఆడపిల్లలు ఎంతసేపు కూర్చోగలరు? నవలల రోజుల్లో పాఠకుల్లో పెద్ద వాటా ఆడవాళ్లదేనని గుర్తుంటే ఇది మరింత బాధిస్తుంది. కొత్త భవనాలకు శంకుస్థాపనలు చేసే ముందు ఉన్నవాటిలో ఈ రెండు పనులు చేసినా చాలు.

ఏటా నవంబర్ 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకు వ్యాసరచన పోటీలు, అతిథులకు శాలువాలు మామూలే. ఈసారి ఆ స్టేజీ పక్కన ఒక నోటీసు బోర్డు పెట్టమని అడగాలి. మన మునిసిపాలిటీ గత ఏడాది ఎంత సెస్సు వసూలు చేసింది, అందులో ఎంత జిల్లా సంస్థకు పంపింది, ఆ డబ్బుతో ఏ ఏ పుస్తకాలు కొన్నారు అన్న మూడు వివరాలు దాని మీద రాస్తే చాలు. రాయకపోతే సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.