సవరణ: కచ్చులూరు బోటును తీసింది నేవీ కాదు

నిన్నటి పోస్టులో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటును నేవీ వాళ్లు బయటకు తీశారని రాశాను. అది తప్పు. గాలింపులో నేవీ, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పాల్గొన్న మాట నిజమే. బోటును ఒడ్డుకు చేర్చింది మాత్రం కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అప్పటి పేపర్లు మళ్లీ తిరగేస్తే విషయం స్పష్టంగా ఉంది. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

అది చిన్న పని కాదు. బోటు 200 అడుగులకు పైగా లోతున ఉంది, పైన వరద. ఇనుప రోప్ నదిలోకి వదిలి, బోటు చుట్టూ ఉచ్చులా బిగించి, ఒడ్డు మీది ప్రొక్లెయినుతో లాగారు. మొదటి విడతలో రోప్ తెగింది. వరదకు పని ఆపి మళ్లీ మొదలుపెట్టారు. విశాఖ డైవర్లు నీళ్లలోకి దిగి సాయపడ్డారు. చివరికి అక్టోబరు 22న, 38వ రోజున, బోటు పైకొచ్చింది. లోపల మరికొన్ని మృతదేహాలు దొరికాయి. ఐదు వారాలు ఒడ్డునే కళ్లు కాయలు కాచేలా చూసిన కుటుంబాలకు ఆ రోజు ఎలాంటిదో చెప్పడానికి మాటలు చాలవు.

ఇంకో మాట. అదే పోస్టులో నేను "ఎవరూ ఆదుకోలేదు" అన్నది అధికార యంత్రాంగం గురించి. ప్రమాదం చూడగానే పడవలేసుకుని వెళ్లి, బతికిన 26 మందిని ఒడ్డుకు చేర్చిన గూడేల జనం గురించి కాదు. పాత పోస్టులో రెండు వాక్యాలూ మార్చాను.