ట్యాంక్ తీసేశారు సరే, మట్టి రిపోర్ట్ ఏది?

న్యూజెర్సీలో ఇల్లు కొంటున్న మన తెలుగువాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. ఏ గ్రూపు చూసినా "పెరట్లో పాత ఆయిల్ ట్యాంక్ ఉండేదట, తీసేశారట, పరవాలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "తీసేశారు కదా బ్రో, టెన్షన్ ఎందుకు" అని కింద వరసగా జవాబులు. అవి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పోయింది ఇనప డబ్బా మాత్రమే. అది ఏళ్ల తరబడి కారి ఉంటే, ఆ నూనె మట్టిలోనే ఉంది. గ్యాస్ లైన్లు రాకముందు ఇక్కడ చాలా ఇళ్లకి చలికాలం గడిచింది హీటింగ్ ఆయిల్‌తోనే. అదీ డీజిల్ లాంటిదే. పెరట్లో స్టీల్ ట్యాంక్, చాలా చోట్ల 550 గ్యాలన్లది, పాతిపెట్టేవాళ్లు. బయట తడి మట్టి, లోపల అడుగున చేరిన నీళ్లు. రెండు వైపులా తుప్పు పట్టి సన్నటి బెజ్జాలు పడతాయి. తుప్పు పెచ్చులే ఆ బెజ్జాలకి బిరడాల్లా అడ్డుపడతాయి కాబట్టి పైకి తీసినప్పుడు ట్యాంక్ గట్టిగానే కనిపిస్తుంది. మట్టి దులిపి, పెచ్చులు గీకితే గానీ అసలు సంగతి తెలియదు.

గుంత పూడ్చకముందే చేయాల్సిన పని ఒకటుంది. ట్యాంక్ అడుగు ఆనిన చోట, నూనె పోసే గొట్టం కింద, ఇంట్లోకి వెళ్లే పైపు వెంబడి మట్టి తీసి ల్యాబ్‌కి పంపాలి. కారినట్టు తేలితే రాష్ట్ర పర్యావరణ శాఖకి, అంటే డీఈపీకి, చెప్పాలి. వాళ్లు కేసు నంబరు ఇస్తారు. లైసెన్స్ ఉన్నవాళ్లు చెడిన మట్టి తీయించి, అవసరమైతే భూగర్భ జలం కూడా పరీక్షించి రిపోర్ట్ పెట్టాలి. డీఈపీకి అది నచ్చితే 'నో ఫర్దర్ యాక్షన్' లెటర్, అంటే ఇక చేయాల్సిందేమీ లేదనే కాగితం, వస్తుంది. ఇంత తతంగం ఉంటే, మనవాళ్లు కాంట్రాక్టర్ ఇచ్చిన ఒక పేజీ బిల్లు చూసి సంతకాలు పెట్టేస్తున్నారు!

మా తోడల్లుడి ఇంటి విషయంలో జరిగింది ఇదే. పాత ఓనర్ దగ్గర 'ట్యాంక్ రిమూవ్డ్' అని బిల్లు ఉంది, టౌన్ పర్మిట్ కూడా ఉంది. మట్టి పరీక్ష మాత్రం లేదు. తర్వాత పెరట్లో ప్యాషియో కోసం తవ్విస్తే ఘాటుగా నూనె వాసన. తవ్విన చోటు పక్కనున్న ఇంటి గోడకి అవతలే బేస్‌మెంట్‌లో పిల్లలు ఆడుకునే గది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇది పొల్యూషన్, పాలసీలో కవర్ కాదన్నారు. ఎప్పుడో ఎవరో కార్చిన నూనెకి ఇప్పటి ఓనర్ పదుల వేల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మా మరదలు చాలా రోజులు పిల్లల్ని కిందికి దిగనివ్వలేదు.

నా కోపం చట్టం మీద కూడా. పెట్రోల్ బంకుల ట్యాంకులకి 1988లోనే కేంద్ర నిబంధనలు వచ్చాయి. శాశ్వతంగా మూసేటప్పుడు, కారే అవకాశం ఎక్కువున్న చోట మట్టినీ నీటినీ పరిశీలించాల్సిందే. ఇంటి అవసరానికి వాడే హీటింగ్ ఆయిల్ ట్యాంకుల్ని మాత్రం ఆ నిబంధనలు వదిలేశాయి. న్యూజెర్సీలో పర్మిట్ ఉంది, టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు, బాగానే ఉంది. కానీ కంటికి లీక్ కనబడకపోతే మట్టి పరీక్ష తప్పనిసరి కాదు. ఎందుకు కాదు? అన్ని లీకులూ కంటికి కనిపిస్తాయా? బావి నీళ్లు తాగే ఇళ్లు కూడా ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. ప్రతి ట్యాంక్ కిందా మట్టి పరీక్ష జరగాలి, రిపోర్ట్ ఇంటి కాగితాలతో పాటు కొనేవాళ్ల చేతికి రావాలి.

ట్యాంక్ తీయకుండా అక్కడే ఇసుకతోనో ఫోమ్‌తోనో నింపి వదిలేసిన ఇళ్లయితే ఇంకా జాగ్రత్త. దాని కింద మట్టిని ఎవరైనా చూశారో లేదో గట్టిగా అడగండి.

"అన్నా, ఇన్‌స్పెక్షన్లు వదిలేస్తేనే ఆఫర్ నిలబడుతుంది" అనే రియల్టర్ మాట దయచేసి వినకండి. ట్యాంక్ స్వీప్‌కి, అంటే పెరట్లో పాతిన ట్యాంక్ ఉందేమో పరికరాలతో వెతికించడానికి, అయ్యేది కొన్ని వందల డాలర్లు. అసలు ట్యాంక్ లేదని చెప్పిన ఇంటికి కూడా చేయించండి. డీఈపీ వెబ్‌సైట్‌లో డేటామైనర్ అని ఉంటుంది, అందులో అడ్రస్ కొట్టి కేసు ఉందేమో చూడండి. టౌన్ క్లర్క్‌కి ఓప్రా రిక్వెస్ట్ (మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిది) పెట్టి ట్యాంక్ పర్మిట్, ఇన్‌స్పెక్షన్ కాగితాలు అడగండి. జవాబుకి వాళ్లకి ఏడు పని దినాల గడువుంటుంది. రియల్టర్ రాసిన కాంట్రాక్టులో అటార్నీ రివ్యూకి, అంటే మీ లాయర్ దాన్ని చూసి మార్పులు అడగడానికి, మీకుండేది మూడే. కాబట్టి ఇల్లు నచ్చిన రోజే ఆ రిక్వెస్ట్ పంపేయండి, ఆఫర్ సంగతి ఆ తర్వాతే.