టోర్నడోలు మన దగ్గర రావడం లేదా, లెక్కలోకి రావడం లేదా?

గాలి అంటే ఏమిటో విశాఖ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో అందరం చూశాం. అయినా టోర్నడో, అంటే మేఘం నుంచి నేల దాకా దిగి గిర్రున తిరిగే సుడిగాలి, అనగానే అది అమెరికా వాళ్ల గొడవ అనుకుంటాం. అక్కడ ఏటా వెయ్యికి పైగా నమోదవుతాయి. మన దేశంలో ఏ ఏడాదైనా వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఈ తేడాలో ప్రకృతి వాటా ఎంత, లెక్క రాసే తీరు వాటా ఎంత?

ప్రకృతి వాటా పెద్దదే. అమెరికా మధ్య మైదానాల్లో నేలకు దగ్గరగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వేడి, తేమ గాలి వస్తుంది. పడమటి పీఠభూముల నుంచి వచ్చే పొడిగాలి దాని మీద మూతలా పరుచుకుంటుంది. ఆ పైన, చాలా ఎత్తులో వేగంగా వీచే గాలి ప్రవాహం, జెట్ స్ట్రీమ్, దూసుకుపోతుంటుంది. కింద గాలి ఒక దిక్కు, పైన గాలి ఇంకో దిక్కు. వేగాలకూ పొంతన ఉండదు. ఆ తేడా వల్ల మధ్యలో గాలి అడ్డంగా చుట్టలు తిరుగుతుంది. మేఘంలోకి ఎగబాకే వేడిగాలి ఆ చుట్టను నిలువుగా లేపుతుంది. అలా తిరిగే మేఘాన్నే సూపర్‌సెల్ అంటారు. భారీ టోర్నడోలు దాదాపుగా వీటి నుంచే పుడతాయి.

ఇలాంటి పరిస్థితులే మార్చి నుంచి మే దాకా బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్‌లలో ఏర్పడతాయి. కింద బంగాళాఖాతం తేమ, దాని మీద ఛోటా నాగ్‌పూర్ వైపు నుంచి వచ్చే పొడిగాలి, ఆ పైన పడమటి జెట్. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతంలో ఒక్క టోర్నడోకే సుమారు 1,300 మంది బలయ్యారు. ప్రపంచంలో ఇంతకంటే ఘోరమైనది ఇంకోటి లేదు. కిక్కిరిసిన జనం, రేకుల ఇళ్లు, ముందుగా చెప్పే దిక్కు లేదు. 2009 మార్చి 31న ఒడిశాలోని రాజ్‌కనికలో కూడా టోర్నడో ప్రాణాలు తీసింది.

మన తీరానికి వచ్చేసరికి పై గాలుల జోరు తగ్గుతుంది. ఏప్రిల్, మేలలో మన ఉరుముల వానలు చాలావరకు గబగబా పెరిగి, తమ వానకే చల్లబడి కూలిపోతాయి. కాబట్టి అమెరికాలోని ఓక్లహోమాలో వచ్చినన్ని ఇక్కడా వస్తున్నాయని నేను అనడం లేదు.

నా బాధంతా లెక్క గురించే. అమెరికాలో 1950లలో ఏటా కొన్ని వందలే నమోదయ్యేవి. ఇప్పుడు వెయ్యి దాటాయి. అలాగని బలమైన టోర్నడోలేమీ ఆ లెక్కన పెరగలేదు. పెరిగినవన్నీ చిన్నవే. 1990లలో దేశమంతా మేఘాల్లో గాలి కదలికను కూడా పసిగట్టే డాప్లర్ రాడార్లు పెట్టారు, వాలంటీర్లకు ట్రైనింగ్ ఇచ్చారు, తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్ కెమెరాలు వచ్చాయి. ఒకప్పుడు ఎవరి కంటా పడకుండా పోయేవి ఇప్పుడు రికార్డుకెక్కుతున్నాయి. కెనడాలో 2017లో మొదలైన నార్తర్న్ టోర్నడోస్ ప్రాజెక్ట్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. శాటిలైట్ ఫొటోల్లో కూలిన చెట్ల జాడలు వెతికి, మనుషులే లేని అడవుల్లో వచ్చిన టోర్నడోలను కూడా పట్టుకుంటోంది.

మనకూ అలాంటి అడవి ఒకటుంది. 2024 ఆగస్టు 31న, వాయుగుండం కళింగపట్నం వైపు వస్తున్న రోజే, ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు నేలకూలాయి. టోర్నడో అన్నవాళ్లున్నారు, క్లౌడ్‌బరస్ట్ (ఒక్కచోటే కుండపోత వాన) అన్నవాళ్లున్నారు, డౌన్‌బరస్ట్ అన్నవాళ్లూ ఉన్నారు. చెట్లు పడ్డ తీరు చూస్తే చాలావరకు తేలిపోయే విషయమిది. మేఘం నుంచి చల్లగాలి ఒక్కసారిగా నేలకు విరుచుకుపడితే, అంటే డౌన్‌బరస్ట్ అయితే, చెట్లు ఒకే వైపుకో, ఒక చోటు నుంచి బయటి వైపుకో ఒరుగుతాయి. టోర్నడో అయితే సన్నటి బాట కనిపిస్తుంది. దానికి రెండు పక్కలా ఉన్న చెట్లు లోపలికి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి.

ఉద్దానంలో ఈదురుగాలికి కొబ్బరి, జీడిమామిడి తోటలు పడిపోయాయనుకోండి. సిబ్బంది వచ్చి రైతు పేరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, పంట నష్టం 33 శాతం దాటిందా అన్నవి రాసుకుంటారు. పరిహారానికి అవి కావాల్సిందే. కానీ ఏ చెట్టు ఏ దిక్కుకు పడిందన్నది ఆ లెక్కలో ఎవరికీ అవసరం లేదు. మర్నాడు జిల్లా పేజీలో ‘ఈదురుగాలుల బీభత్సం’ అని నాలుగు లైన్లు వస్తాయి, అంతే.

కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది కదా అనొచ్చు. తుఫానుకు అది చాలా గొప్ప సాయం. కానీ భూమి గుండ్రంగా ఉండటం వల్ల రాడార్ కిరణం వంద కిలోమీటర్లు పోయేసరికి నేలకు కిలోమీటరు పైనే ఉంటుంది. ఉద్దానం అంతకంటే దూరం. నేల మీద రెండు మూడు వందల మీటర్ల వెడల్పున పది నిమిషాలు తిరిగి మాయమైపోయే గాలి దానికి చిక్కదు.

ఇక్కడే తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదివే పిల్లలున్నారు. పెద్ద గాలి దెబ్బ తగిలిన ఊరికి మర్నాడే ఇద్దరిని పంపడం అసాధ్యమేం కాదు. రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లను కోసి తీసేసే పని ఆగకూడదు, ఆగనక్కర్లేదు కూడా. తోటలో పడ్డవి ఎలాగూ కొన్నాళ్లు అలాగే ఉంటాయి. వాటిని డ్రోన్‌తో పై నుంచి తీయొచ్చు. అది లేకపోతే, నష్టం ఫొటోలు తీసే సచివాలయం ఉద్యోగి ప్రతి చెట్టు మొదలూ తలా కనిపించేలా తీసి, పక్కన తూర్పో పడమరో రాసినా చాలు.